స్కాన్ అయింది, రిపోర్టు ఇంకా రాలేదు

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో కేన్సర్ చికిత్స పూర్తయినవాళ్లున్నారు, మధ్యలో ఉన్నవాళ్లున్నారు, భార్యనో తండ్రినో వెంటబెట్టుకుని జిల్లాల నుంచి వచ్చినవాళ్లున్నారు. స్కాన్ బల్ల మీద నుంచి లేచినప్పటి నుంచి డాక్టరు ఎదురుగా కూర్చునేదాకా గడిచే సమయం ఎలా ఉంటుందో మీ అందరికీ తెలుసు. కొందరికి అది రెండు గంటలు, కొందరికి వారం. కీమో కంటే ఆ వారమే కష్టంగా గడిచిందని చెప్పినవాళ్లు నాకు చాలామంది తెలుసు. నేను రేడియాలజిస్టుని. గోడకు అవతల, చీకటి గదిలో స్క్రీన్ ముందు కూర్చుని మీ రిపోర్టులు రాసేది మేమే. మీలో చాలామంది మమ్మల్ని ఎప్పుడూ చూసి ఉండరు. ఆ గదిలో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పకపోవడం వల్ల మీరు అనవసరంగా పడే బాధ చాలా ఉంది. దాని గురించి మాట్లాడదామనే వచ్చాను.

నేను గట్టిగా నమ్మే మాట ముందే చెప్పేస్తాను. స్కాన్ రిపోర్టు ఒక డాక్టరు మరో డాక్టరుకు రాసే ఉత్తరం. చదివేవాళ్లకు మీ బయాప్సీ సంగతి తెలుసు, మీ రక్తపరీక్షలు తెలుసు, మిమ్మల్ని పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశారు అనే ధీమాతో మేం రాస్తాం. అవేవీ దగ్గర లేకుండా, శనివారం రాత్రి పదకొండింటికి ఫోన్లో వచ్చిన పీడీఎఫ్‌ని ఒక్కరే కూర్చుని చదివితే అందులో సగం మాటలు ఉన్నదానికంటే భయంకరంగా కనిపిస్తాయి. సోమవారం ఓపీ దాకా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

మొదట ఆలస్యం సంగతి. ఛాతీ, పొట్ట కలిపి సీటీ తీస్తే వందల చిత్రాలు వస్తాయి. వాటిని ఊపిరితిత్తులు కనిపించేలా ఒకసారి, ఎముకలు కనిపించేలా ఒకసారి, కాలేయం కోసం ఇంకోసారి, వెలుగు మార్చుకుంటూ చూడాలి. అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది పాత స్కాన్‌తో పోల్చడానికి. ఊపిరితిత్తిలో 5 మిల్లీమీటర్ల చుక్క కనిపించిందనుకోండి. రెండేళ్ల కిందటి స్కాన్‌లోనూ అదే సైజులో ఉంటే చాలావరకు నిశ్చింత. పాత స్కాన్ లేకపోతే అది కొత్తదో పాతదో మేం చెప్పలేం. అప్పుడు 'మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి' అని రాయాల్సి వస్తుంది. అంటే మీకు ఇంకో మూడు నెలల ఎదురుచూపు. అందుకే పాత ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు వెంట తెచ్చుకోండి. ఫిల్ములొక్కటే చాలవు, సీడీ అడిగి తీసుకోండి. అందులోనే అసలు చిత్రాలన్నీ ఉంటాయి. ఈ మాట నాకు గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలనిపిస్తుంది.

ఇక టెక్నీషియన్ ముఖం. లోపలికి వెళ్లేటప్పుడు నవ్వుతూ మాట్లాడాడు, బయటికొచ్చేసరికి ముభావంగా ఉన్నాడు, ఏదో చూసే ఉంటాడు అని ఇంటికెళ్లి తలుచుకుని ఏడ్చినవాళ్లున్నారు. టెక్నీషియన్ పని బొమ్మలు సరిగా తియ్యడం. వాటిలో ఏముందో చెప్పే అధికారం అతనికి లేదు. మీరు అడిగితే ఏదైనా నోరు జారతానేమోనని చాలామంది ముందే మౌనంగా ఉండిపోతారు. బయట ఇంకా పదిహేను మంది టోకెన్లు పట్టుకుని ఉన్నారన్న తొందర కూడా ఉంటుంది. అలాగే స్కాన్ మధ్యలో 'ఇంకో పది నిమిషాలు ఉండండి' అన్నారంటే చాలాసార్లు కారణం మామూలుదే. ఊపిరి బిగబట్టమన్నప్పుడు వదిలేశారు, లేదా ఎంఆర్‌ఐలో కాస్త కదిలారు, లేదా మందు ఎక్కించాక కొన్ని నిమిషాలు ఆగి తీసే చిత్రాలు మిగిలాయి.

పెట్ స్కాన్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే భయం ఎక్కువగా దాని చుట్టూనే ఉంది. అందులో ఎక్కించేది రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజు. ఆ ఫ్లోరిన్ శక్తి దాదాపు 110 నిమిషాలకోసారి సగానికి పడిపోతుంది. అందుకే టైముకి రమ్మని అంత గట్టిగా చెబుతారు. సైక్లోట్రాన్ అనే యంత్రంలో తయారైన మందు సమయానికి అందకపోతే స్కానే వాయిదా పడుతుంది. దాన్ని మీ జబ్బుకు ముడిపెట్టి ఊహించుకోకండి. ఇంజక్షన్ చేశాక గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోబెడతారు. ఆ గంటలో గ్లూకోజును ఎక్కువగా వాడుకునే చోటల్లా అది పోగవుతుంది. మెదడు మెరుస్తుంది, మూత్రాశయం మెరుస్తుంది, చాలామందిలో గుండె కూడా. అదంతా సహజం. కేన్సర్ మెరుస్తుంది నిజమే, కానీ టీబీ కూడా అంతే గట్టిగా మెరుస్తుంది. ఆపరేషన్ గాయం మానుతుంటే మెరుస్తుంది, రేడియేషన్ తగిలిన చోటు కొన్ని వారాలపాటు మెరుస్తూనే ఉంటుంది. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న మన దేశంలో, ఛాతీలో మెరిసిన ప్రతి బిళ్లా కేన్సర్ పాకిందనుకోవడానికి లేదు. రేడియేషన్ అయ్యాక కొన్నిసార్లు పది పన్నెండు వారాలు ఆగి స్కాన్‌కి రమ్మనేది ఇందుకే. నిర్లక్ష్యం చేస్తున్నారని అపార్థం చేసుకోకండి. తొందరపడి తీస్తే వాపు ఏదో, జబ్బు ఏదో తేల్చలేక అందరం చిక్కుల్లో పడతాం.

ఇప్పుడు ఆ ఉత్తరంలోని మాటలు. రిపోర్టులో పెద్ద భాగం 'ఫైండింగ్స్'. అక్కడ కనిపించిందల్లా రాస్తాం, అది మా డ్యూటీ. మూత్రపిండంలో నీటి తిత్తి, ఫ్యాటీ లివర్, కాలేయంలో హీమాంజియోమా అనే రక్తనాళాల ముద్ద, ఎప్పుడో మానిపోయిన టీబీ మచ్చ. యాభై దాటినవాళ్లలో ఇలాంటివి ఏదో ఒకటి కనిపించడం మామూలే. వెన్నెముక సంగతైతే మరీను. ఏ నొప్పీ లేని మనుషుల స్కాన్లను చూసిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. యాభై ఏళ్ల వయసువాళ్లలో 80 శాతం మందికి డిస్కులు అరిగినట్టు కనిపించిందని అందులో తేలింది. నొప్పే లేనివాళ్లు వాళ్లంతా. కాబట్టి ఎంఆర్‌ఐలో 'డిస్క్ బల్జ్' అన్న మాట చూసి నడుం విరిగినట్టు కుంగిపోకండి. చివర 'ఇంప్రెషన్' అని ఉంటుంది, మేం చెప్పదలచుకున్న అసలు విషయం అక్కడ ఉంటుంది. ఫోన్లో చదవకుండా ఉండలేకపోతే కనీసం అది చదివి ఆపండి.

'క్లినికల్ కోరిలేషన్ అవసరం' అని రాశామంటే మీ డాక్టరు మిమ్మల్ని పరీక్షించి దీనితో సరిచూసుకోవాలని అర్థం. 'కెనాట్ బీ రూల్డ్ ఔట్' అంటే ఈ స్కాన్ ఒక్కదానితో పూర్తిగా కొట్టిపారేయలేమని. చదివేవాళ్లకు అది 'ఉంది' అన్నట్టే వినిపిస్తుంది. ఈ మాటను మా వాళ్లు అవసరానికి మించి వాడుతున్నారన్నది నా అభిప్రాయం. ఎంత అనుమానం ఉందో తేల్చి రాసే ఓపిక ఇంకాస్త పెంచుకోవాలి మేం.

మామోగ్రాం, అంటే రొమ్ము ఎక్స్‌రే, చేయించుకున్న అక్కాచెల్లెళ్లు ఇది తప్పక వినాలి. ఆ రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది, 0 నుంచి 6 దాకా. బైరాడ్స్ 4 అని చూసి నాలుగో స్టేజి కేన్సర్ అనుకుని, ఇంకేం వైద్యం, పిల్లల పెళ్లిళ్లు తొందరగా చేసేద్దాం అని మాట్లాడుకున్న కుటుంబాలున్నాయి. స్టేజికీ ఈ అంకెకూ ఏ సంబంధమూ లేదు. 4 అంటే అనుమానంగా ఉంది, ముక్క తీసి పరీక్ష చెయ్యాలి అని. ఆ అనుమానం 2 శాతం నుంచి 95 శాతం దాకా ఎంతైనా కావచ్చు, అందుకే 4ఎ, 4బి, 4సి అని విడగొడతారు. అలా ముక్క తీసినవాటిలో కేన్సర్ కాదని తేలేవే ఎక్కువ. 3 అంటే ప్రమాదం లేనిదేనని దాదాపు నమ్మకం, కేన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, ఆరు నెలల తర్వాత ఒకసారి చూద్దామని. 0 అంటే ఇంకా ఏమీ చెప్పలేదని, మరో కోణంలో తియ్యాలి, లేదా అల్ట్రాసౌండు చెయ్యాలి, లేదా పాత ఫిల్ములు కావాలి అని.

ముక్క పరీక్షకు పంపాక పట్టే సమయం వేరు. ఆ ముక్క ఫార్మలిన్‌లో నానాలి, మైనంలో అచ్చు పొయ్యాలి, వెంట్రుక కంటే పల్చగా కొయ్యాలి, రంగు వెయ్యాలి. ఆపైన ఏ రకమో తేల్చడానికి ఐహెచ్‌సీ అనే ప్రత్యేక రంగుల పరీక్ష కావాలంటే ఇంకొన్ని రోజులు. 'ఇంకో పరీక్షకు పంపారట' అని వినగానే గుండె జారిపోతుంది. నిజానికి అది మీకు సరిపోయే మందు ఏదో ఎంచడానికి చేసే పని.

చికిత్స మధ్యలో ఉన్నవాళ్లకు ఒక మాట. రిపోర్టులో 'స్టేబుల్ డిసీజ్' అని చూసి, ఇన్ని కీమో సైకిళ్లు ఎక్కించుకున్నా తగ్గలేదా అని నీరుగారిపోతారు. గడ్డలను కొలవడానికి ఒక పద్ధతి ఉంది. కొలిచిన గడ్డల పొడవులన్నీ కలిపితే 30 శాతమైనా తగ్గితేనే తగ్గిందంటాం, 20 శాతమైనా పెరిగితేనే పెరిగిందంటాం. మధ్యలో ఉన్నదంతా స్టేబుల్. చాలా కేన్సర్లలో, చాలా దశల్లో స్టేబుల్ మంచి వార్త. 12 మిల్లీమీటర్లు 13 అయిందని ఇంట్లో మళ్లీ స్కేలు పెట్టి కొలవకండి. ఒకే గడ్డను ఇద్దరం కొలిస్తే మా ఇద్దరి మధ్యే ఆ తేడా వస్తుంది.

నా మనసుకు దగ్గరైన విషయానికి వస్తాను. మన ఇళ్లలో రిపోర్టు తెచ్చేది కొడుకో, అల్లుడో. కారిడార్‌లోనే డాక్టరును పట్టుకుని 'అమ్మకు చెప్పకండి సార్, తట్టుకోలేదు' అంటారు. ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కానీ ఆ అమ్మ రెండు రోజులుగా మీ ముఖాలు చూస్తూనే ఉంది. కోడలు గొంతు తగ్గించి ఫోన్ మాట్లాడటం, ఊళ్లో ఉన్న కూతురు ఉన్నట్టుండి బయలుదేరి రావడం, అడక్కుండానే ఇష్టమైనవి వండి పెట్టడం, ఇవన్నీ ఆవిడ లెక్క వేసుకుంటుంది. చెప్పకుండా దాచినది దాగదు. దాని గురించి మాట్లాడే తోడు మాత్రం ఆవిడకు లేకుండా పోతుంది. స్కాన్‌కి ముందే అడగండి: 'అమ్మా, రిపోర్టు వచ్చాక డాక్టరుగారు నీతో చెప్పాలా, మాతో చెప్పాలా?' కొందరు 'మీరే చూసుకోండి నాయనా' అంటారు. అదీ సరే, అది ఆవిడ నిర్ణయం. అడగకుండా మనమే నిర్ణయించడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

స్కాన్‌కి ముందే మీ డాక్టరును కూడా అడగాల్సినవి ఉన్నాయి. రిపోర్టు ఏ రోజుకి వస్తుంది? ఎవరు చెబుతారు, ఓపీలోనా ఫోన్లోనా? ఆ రోజుకి రాకపోతే ఏ నంబరుకి చెయ్యాలి? రెండు నిమిషాల పని ఇది, కానీ ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడటం చాలావరకు తగ్గుతుంది. కుదిరితే డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజుకి రిపోర్టు వచ్చేలా స్కాన్ తేదీ అడిగి పెట్టించుకోండి. ఫోన్ రాలేదంటే అంతా బాగున్నట్టనీ, వెంటనే రమ్మన్నారంటే అంతా అయిపోయినట్టనీ అనుకోవద్దు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం లాంటి అత్యవసరమైనది కనిపిస్తే మేమే మీ డాక్టరుకు అప్పటికప్పుడు ఫోన్ చేస్తాం. మందు మొదలుపెడితే మనిషి దక్కుతారు కాబట్టే ఆ తొందర.

ఎదురుచూసే రోజుల్లో టెన్షన్ పడకండి అని నేను చెప్పను, అది మనిషి చేతిలో ఉండే పని కాదు. పొలం పనికి వెళ్లగలిగితే వెళ్లండి, గుడికో చర్చికో మసీదుకో వెళ్లాలనిపిస్తే వెళ్లండి. రిపోర్టును చుట్టాల గ్రూపులో పెట్టకండి, పది సలహాలకు పది రకాల భయాలు పుడతాయి. అయితే కొన్నిటికి రిపోర్టు కోసం ఆగకూడదు. కీమో తీసుకుంటున్నవాళ్లకు జ్వరం 100.4 దాటినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి బయలుదేరండి.

చాలామంది ఫైళ్లు పట్టుకుని వచ్చారు, ముందు వరుసలో కనిపిస్తున్నాయి. మీ పాత స్కాన్లు, మీ కేసు పూర్తిగా తెలియకుండా వాటి మీద నేనిక్కడ అభిప్రాయం చెబితే ఇంతసేపు చెప్పినదానికి విరుద్ధమవుతుంది. అర్థంకాని మాట ఏదైనా ఉంటే దాని కింద గీత గీసి తీసుకురండి. ఆ మాటకు అర్థం ఏమిటో, మీ డాక్టరును దాని గురించి ఏమని అడగాలో చెబుతాను. చివరి మనిషి వెళ్లేదాకా ఇక్కడే ఉంటాను.