ఈఎస్పీ32 30 పిన్ల బోర్డు రివ్యూ: వాడుకునేవి ఎన్ని, వదిలేసేవి ఎన్ని?

అందరికి నమస్తే. ఇయ్యాల టేబుల్ మీద ఉన్నది ఈఎస్పీ32 డెవ్‌కిట్, అంటే వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు, 30 పిన్లది. హన్మకొండ, కాజీపేట దిక్కు ప్రాజెక్టులు చేసే పిల్లలు ఎక్కువ అడిగే మాట, "అన్నా, కోడ్ కరెక్టే ఉంది, పిన్ను పనిచేస్తలేదు" అని. తప్పు చాలావరకు కోడ్‌ల ఉండదు, పిన్ను ఎంచుకున్న కాడ ఉంటది.

ముందుగాల లెక్క చూద్దాం. 3వీ3, విన్ (కరెంట్ పిన్లు), ఈఎన్ (రీసెట్ పిన్ను), రెండు గ్రౌండ్లు తీసేస్తే 25 మిగుల్తయ్. అండ్ల వీపీ, వీఎన్ అని రాసినవి 36, 39. అవి, 34, 35 ఈ నాలుగు ఉత్త ఇన్‌పుట్‌లే. వీటికి ఎల్ఈడీ పెట్టి ఎంత కోడ్ రాసినా వెలగదు. ఆర్ఎక్స్0, టీఎక్స్0 యూఎస్‌బీ సీరియల్‌కే సరి. 2, 5, 12, 15 బోర్డు ఆన్ అయ్యేటప్పుడు చిప్ చదువుకునే పిన్లు, వాటిని గూడ పక్కకు పెడదాం. ఇగ మిగిలినవి 15: 4, 13, 14, 16 నుంచి 19 దాక, 21, 22, 23, 25, 26, 27, 32, 33.

ఆన్ అయ్యేటప్పుడు చదువుకునే ఆ నాలుగింట్ల 12 మహా మొండిది. కరెంట్ ఇచ్చే టైంల ఏదన్న సెన్సర్ దాన్ని హై పట్టి ఉంచితే, చిప్ ఫ్లాష్ (కోడ్ దాచుకునే మెమరీ) వోల్టేజీని 1.8కి దించుతది. ఫ్లాష్ చదవలేక మళ్ల మళ్ల రీసెట్ అయితది. వైరు పీకితే మంచిగ నడుస్తది. బోర్డు కాలిపోయిందని పడేయకుండ్రి.

ఇప్పుడు బటన్. పిన్ను నుంచి గ్రౌండ్‌కు బటన్ పెట్టి, పిన్‌మోడ్‌ల ఇన్‌పుట్ పుల్అప్ (పిన్నును లోపలి రెసిస్టర్‌తో 3.3 వోల్టులకు పట్టి ఉంచేది) రాయాలె. నొక్కితే 0, వదిలితే 1. పుల్అప్ మరిస్తే పిన్ను గాలిల వేలాడినట్టే, చెయ్యి దగ్గరికి తెచ్చినా సీరియల్ మానిటర్ల 0, 1 ఎగురుతయ్. 34, 35, 36, 39లకు లోపల పుల్అప్ లేదు. కోడ్‌ల రాసినా పనికిరాదు, బయట 3.3 వోల్టులకు 10కే రెసిస్టర్ పెట్టుకోవాలె.

మిర్చి చేన్ల తేమ కొలిచే ప్రాజెక్టుల ఇంకో చిక్కు ఉంది. సెన్సర్ అనలాగ్ వైరు 4కు పెడితే రీడింగ్ వస్తది, వైఫై ఆన్ చేయంగనే ఆగిపోతది. ఏడీసీ2 (చిప్‌ల అనలాగ్ కొలిచే రెండో భాగం) పిన్లను వైఫై నడిచేటప్పుడు నమ్మలేం. 0, 2, 4, 12 నుంచి 15, 25, 26, 27 అన్నీ అందులోయే. అనలాగ్‌కు 32, 33, 34, 35, 36, 39 వాడుండ్రి. పైన ఉత్త ఇన్‌పుట్ అని పక్కకు పెట్టిన నాలుగు ఇక్కడ బంగారం.

పిన్నుల వోల్టేజీ 3.3. అల్ట్రాసోనిక్ సెన్సర్ హెచ్‌సీ-ఎస్ఆర్04 ఎకో వైరు 5 వోల్టులు పంపుతది, నేరుగ పెట్టొద్దు. ఎకోకు పిన్నుకు నడుమ 1కే, పిన్నుకు గ్రౌండ్‌కు నడుమ 2కే పెడితే 3.3కు దిగుతది.

అవుట్‌పుట్‌కు ఎల్ఈడీ అయితే 330 ఓమ్స్ చాలు, 4 మిల్లీఆంపులే తీస్కుంటది. రిలే కథ వేరు. మామూలు 5 వోల్టుల రిలే కాయిల్ 70 ఓమ్స్, అంటే 70 మిల్లీఆంపులు. ఒక పిన్ను అంత మోయలేదు. నడుమ బీసీ547 ట్రాన్సిస్టర్, దాని బేస్‌కు 1కే రెసిస్టర్, కాయిల్‌కు అడ్డంగ ఉల్టా 1ఎన్4007 డయోడ్ పెట్టాలె. డయోడ్ లేకపోతే రిలే ఆఫ్ అయినప్పుడు వచ్చే దెబ్బకు ట్రాన్సిస్టర్ పోతది. బోరు మోటర్‌ను ఆ చిన్న రిలేతో నేరుగ నడపొద్దు, స్టార్టర్ల కాంటాక్టర్ కాయిల్ దాకనే దాని పని. ఆ వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించుకోండ్రి.

బోర్డుతోని నా పంచాయితీ వెడల్పే. ఒక బ్రెడ్‌బోర్డు మీద గుచ్చితే పక్కకు వైర్లకు జాగ సరిగ్గ మిగలదు, రెండు కలిపి నడుమ కూసోబెట్టాలె. 38 పిన్లది కొంటే ఎక్కువ పిన్లు వస్తయ్ అనుకునేరు. అండ్ల ఎస్‌డీ0, సీఎండీ, సీఎల్‌కే లాంటి ఆరు పిన్లు 6 నుంచి 11, అవి ఫ్లాష్‌వి, ముట్టుకుంటే బోర్డు ఆగుతది. కొత్తగ నేర్చుకునేటోళ్లకు 30ఏ మేలు.