గిటార్‌తో వచ్చిన నవలాకారుడు

అందరికీ నమస్కారం.

ఇంగ్లిష్ నవలాకారుడు కజువో ఇషిగురో గురించి మాట్లాడమన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది 2017లో వచ్చిన నోబెల్ కాదు, ఆయన గిటార్. కుర్రతనంలో ఆయనకు నవలలు రాయాలని లేదు. పాటలు కట్టి పాడాలని ఉండేది. వందకు పైగా పాటలు రాశాడు. రికార్డు కంపెనీలు ఒక్కటీ తీసుకోలేదు. ఆ పాటలేమయ్యాయంటే, నవలల్లోకి చేరాయంటాను నేను.

పుట్టింది 1954లో, నాగసాకిలో. తండ్రి సముద్ర శాస్త్రవేత్త. ఆయన ఉద్యోగం కోసం 1960లో కుటుంబం ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌కి వచ్చింది. ఏడాదో రెండేళ్లో ఉండి వెళ్లిపోదామనుకున్నారు. ఆ ప్రయాణం ఏటా వాయిదా పడుతూనే ఉంది. విదేశాల్లో చుట్టాలున్నవాళ్లకు ఈ 'వచ్చే ఏడాది' సంగతి నేను చెప్పక్కర్లేదు. తాతగారు నెలనెలా జపాన్ నుంచి పిల్లల పత్రికలు పార్సిల్ పంపేవారు. బయట ఇంగ్లిష్ బడి, చర్చిలో పాటలు. ఇంట్లో జపనీస్ మాట, మర్యాద. అలా కుర్రాడి బుర్రలో ఒక జపాన్ తయారైంది. అసలు జపాన్‌లో మళ్లీ కాలు పెట్టింది 1989లో.

అంతకు పదేళ్ల ముందు, ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో రచనా కోర్సులో చేరడానికి నార్ఫక్‌లోని బక్స్‌టన్ అనే పల్లెలో దిగాడు. వీపున సంచి, ఒక గిటార్, ఒక పోర్టబుల్ టైప్‌రైటర్. ఆ చిన్న గదిలోనే నాగసాకి గురించి రాయడం మొదలుపెట్టాడు. బుర్రలోని జపాన్ చెదిరిపోకముందే కాగితం మీద పెట్టేయాలన్న ఆత్రం. 1982, 1986ల్లో వచ్చిన మొదటి రెండు నవలలూ ఆ జపాన్‌వే.

మూడోది 'ది రిమైన్స్ ఆఫ్ ది డే'. ఇక్కడ కాసేపు ఆగుదాం. 1987 వేసవి. పేరొచ్చాక విందులు, ప్రయాణాలు పెరిగి రాత సాగడం లేదు. భార్య లోర్నాతో ఒప్పందం చేసుకున్నాడు: నాలుగు వారాలు, సోమవారం నుంచి శనివారం దాకా, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదిన్నర వరకు రాతే. మధ్యాహ్న భోజనానికి ఒక గంట, రాత్రి భోజనానికి రెండు. ఉత్తరం విప్పకూడదు, ఫోన్ ఎత్తకూడదు. వంటలో, ఇంటిపనిలో తన వంతు కూడా లోర్నాదే. (పుస్తకం మీద పేరు ఒక్కరిదే పడుతుంది, గమనించండి.) వాక్యం చెత్తగా వచ్చినా ఆగకుండా పోయాడు. నెల తిరిగేసరికి నవల దాదాపు చేతికొచ్చింది.

కథలో స్టీవెన్స్ ఒక దొరగారి భవంతిలో బట్లర్. మేడ మీద తండ్రి చనిపోతుంటే కింద అతిథులకు మద్యం అందిస్తుంటాడు. ఏమిటి, ఏడుస్తున్నావా అని దొర అడిగితే, రుమాలుతో మొహం తుడుచుకుని, రోజంతా పని ఎక్కువైందండీ అంటాడు. తాను ఏడ్చానని మనకు ఎక్కడా చెప్పడు. మంచి పాటలోనూ ఇంతే కదా, పల్లవి ఒకటి చెబుతుంటే మనకు ఇంకేదో వినిపిస్తుంది.

నవల పూర్తయిందనుకున్నాక ఒక రాత్రి ఇషిగురో సోఫాలో పడుకుని అమెరికన్ గాయకుడు టామ్ వెయిట్స్ పాట వింటున్నాడు. నిద్రపోతున్న ప్రియురాలిని వదిలి వెళ్లే సైనికుడి పాట. ఆ మొరటు గొంతు ఒక్కచోట బద్దలవుతుంది. అప్పుడర్థమైంది ఆయనకు, స్టీవెన్స్ కూడా ఒక్కసారి బద్దలవ్వాలని. అందుకే చివర్లో, బస్సు కోసం ఆగిన చోట, ఒకప్పుడు అదే భవంతిలో తనతో పనిచేసిన మిస్ కెంటన్ మాట విన్నాక, తన గుండె పగిలిందని ఒకే ఒక్క వాక్యంలో ఒప్పుకుంటాడు. ఆ వాక్యం లేకపోతే మనం ఈ నవలను మెచ్చుకునేవాళ్లం, అంతే. 1989లో దీనికి ఇంగ్లిష్ నవలలకిచ్చే బుకర్ బహుమతి వచ్చింది.

తర్వాతివి చకచకా చెప్పేస్తాను. 1982 నుంచి 2021 దాకా నవలలు ఎనిమిదే. ఒక్క 'ది బరీడ్ జెయింట్' మాత్రం చెప్పాలి. మొదటి పేజీలు చదివి లోర్నా ఇది పనికిరాదు, మొదటినుంచీ రాయమంది. నోరు మూసుకుని పక్కన పెట్టేశాడు. ఆ మధ్యలో రాసినవి సంగీతం చుట్టూ తిరిగే అయిదు కథలు, 2009లో వచ్చాయి. పక్కన పెట్టిన నవల 2015లో గానీ రాలేదు.

ఇక గిటార్ సంగతి. 2007లో స్టేసీ కెంట్ అనే జాజ్ గాయని ఒక ఆల్బమ్ తెచ్చింది. అందులో నాలుగు పాటలు ఇషిగురో రాసినవి. వీలైతే ఇంటికెళ్లి ఒకటి వినండి. పాడేది ఆమే, మాట మాత్రం స్టీవెన్స్ మాట్లాడినట్టే ఉంటుంది.