22 అంటే కిలోలా, పౌండ్లా?

అక్క: నమస్కారమండీ. విశాఖపట్నం మహారాణిపేటలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని మాట్లాడుతున్నాం. కింద నుంచి ఆటోల హారన్లు వినపడితే సర్దుకోండి. ఇవాళ్టి విషయం బరువులు. మన కిలోలు, గ్రాములు అమెరికా వాళ్ల పౌండ్లు, ఔన్సుల్లో ఎంతవుతాయో, అవి మన లెక్కలో ఎంతో. నాతో పాటు మా తమ్ముడున్నాడు.

తమ్ముడు: నమస్కారం. నేను రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంటులో క్వాలిటీ చూస్తాను. అక్కది మందుల షాపు. ఇద్దరికీ పొద్దున లేస్తే తూకంతోనే పని.

అక్క: ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను, అక్కడి నుంచే ఈ ఎపిసోడ్ పుట్టింది. మా చెల్లి న్యూజెర్సీలో ఉంటుంది. పాపకి ఏడాది నిండింది. ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. పాపకి జ్వరం, ఒళ్లు కాలిపోతోంది, జ్వరం సిరప్ ఎంత పట్టాలి అక్కా అని. బరువెంత అన్నాను. 22 అంది. పారాసిటమాల్ పిల్లలకి కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. పక్కనున్న కరెంటు బిల్లు వెనక 22 ఇంటూ 15 అని రాసి, 330 అని కూడా వేసేశాను.

తమ్ముడు: నేను అక్కడే ఉన్నాను. నాకూ తట్టలేదు.

అక్క: 330 చూశాక చెయ్యి ఆగింది. ఏడాది పిల్ల 22 కిలోలు ఎలా ఉంటుంది? అది ఆరేడేళ్ల పిల్లల బరువు కదా. "22 అంటే కిలోలా, పౌండ్లా?" అని అడిగాను. "పౌండ్లే అక్కా, ఇక్కడందరూ అలాగే చెప్తారు" అంది. 22 పౌండ్లంటే 10 కిలోలు. అంటే ఎంత ఎక్కువనుకున్నా 150 మిల్లీగ్రాములు దాటకూడదు. నేను రాసింది 330.

తమ్ముడు: రెట్టింపు దాటిపోయింది.

అక్క: పారాసిటమాల్ మోతాదు మించితే దెబ్బతినేది కాలేయం. నా చేతులు చల్లబడిపోయాయి. పైగా సీసా కూడా వేరు. ఆ దేశంలో ఈ మందుని అసిటమినోఫెన్ అంటారు, పిల్లల సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 160 మిల్లీగ్రాములుంటుంది. మన షాపుల్లో అయితే 5 మిల్లీలీటర్లకి 125 ఉన్నవీ ఉంటాయి, 250 ఉన్నవీ ఉంటాయి. ఇంత తేడా ఉన్నప్పుడు ఫోన్లో నేను చెప్పడం కాదు, వాళ్ల డాక్టర్‌కి ఫోన్ చెయ్యమన్నాను. చేసింది, పాపకి తగ్గింది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంకె తప్పు కాదు, గుణింతం తప్పు కాదు. పక్కన ఉండాల్సిన ఒక్క మాట లేదు, అంతే.

తమ్ముడు: సరే, లెక్క చెప్పుకుందాం. 1 కిలో అంటే 2.2046 పౌండ్లు. దీన్ని నోటితో చెయ్యడానికి తేలిక దారి ఉంది. కిలోలని రెట్టింపు చెయ్యండి, వచ్చినదానిలో పదోవంతు కలపండి. 23 కిలోలుంటే రెట్టింపు 46, దాని పదోవంతు 4.6, మొత్తం 50.6. అసలు లెక్క 50.7.

అక్క: పౌండ్ల నుంచి కిలోలకైతే?

తమ్ముడు: సగం చేసి, అందులో పదోవంతు తీసెయ్యాలి. 50 పౌండ్లుంటే సగం 25, పదోవంతు రెండున్నర తీస్తే 22.5. అసలు 22.68. సూట్‌కేసుకి ఇది చాలు. విమానాల్లో 23 కిలోలు, 50 పౌండ్లు అని పక్కపక్కనే రాసేది ఇందుకే. రెండూ అచ్చంగా ఒకటి కాదు, దగ్గర దగ్గర.

అక్క: అమ్మ సూట్‌కేసు సంగతి చెప్పు.

తమ్ముడు: అమ్మ చెల్లి దగ్గరికి వెళ్లేటప్పుడు సూట్‌కేసు కట్టాం. ఆవకాయ, కందిపొడి, మాడుగుల హల్వా, పాపకి గౌన్లు. చేత్తో పట్టుకుని వేలాడదీసే చిన్న తూకం మిషన్ కొన్నాను. కొక్కేనికి తగిలించి ఎత్తితే 48 చూపించింది. అమ్మ, "ఏటర్రా ఇది, నలభై ఎనిమిదేటి!" అని హల్వా డబ్బాలు బయటికి తీసేసింది. తిప్పి చూస్తే మిషన్ వెనక బొటనవేలి గోరంత బటన్ ఉంది. ఎత్తేటప్పుడు వేలు దానికి తగిలి పౌండ్లలోకి మారిపోయింది. తెర మీద మూలన పేనంత అక్షరాల్లో ఎల్‌బీ అని ఉంది. 48 పౌండ్లంటే 22 కిలోలకి కాస్త తక్కువ. హల్వా మళ్లీ లోపలికెళ్లింది.

అక్క: ఆ ఎల్‌బీ ఎక్కడిదని చాలామంది అడుగుతారు. పౌండులో ఎల్లూ లేదు, బీయూ లేదు కదా. రోమన్ల తూకం పేరు లిబ్రా, దాని నుంచి వచ్చింది. ఔన్సుని ఓజెడ్ అని రాస్తారు. ఇక ఔన్సుల దగ్గర అసలు చిక్కు. ఒక పౌండుకి 16 ఔన్సులు. పది కాదు, వంద కాదు.

తమ్ముడు: పాప పుట్టినప్పుడు అదే అయింది కదా.

అక్క: అవును. బావగారు కంగారులో కుటుంబం గ్రూపులో "6.10" అని పెట్టారు. 6 పౌండ్ల 10 ఔన్సులని ఆయన ఉద్దేశం. నువ్వేమో దాన్ని ఆరు పాయింట్ ఒకటి పౌండ్లనుకుని 2.77 కిలోలు అన్నావు. పాప బరువు తక్కువగా ఉందేమో అని అమ్మకి టెన్షన్. నిజానికి 10 ఔన్సులంటే పౌండులో 10/16 వంతు, అంటే 0.625. ఆరు పౌండ్ల పైన అది కలిస్తే 6.625, కిలోల్లో 3. మూడు కిలోల పిల్ల! ఆ చుక్క దగ్గర 230 గ్రాములు పోయాయి.

తమ్ముడు: ఔన్సుకి 28 గ్రాములని గుర్తుంటే చాలు, కచ్చితంగా 28.35. పావు పౌండు 113 గ్రాములు, అర పౌండు 227, పౌండు 454. వంటలకి ఈ మూడూ సరిపోతాయి.

అక్క: వంటల్లో ఇంకోటి. అక్కడి వాళ్లు పాలు, నూనెకి చెప్పే ఔన్సు బరువు కాదు, కొలత. అది సుమారు 30 మిల్లీలీటర్లు. పాలసీసా మీద 4 ఔన్సులంటే 120 మిల్లీలీటర్లన్నమాట. పొడి పిండికి అది వర్తించదు. సరే, నీ రొయ్యల సంగతికి రా. అందులో ఉన్నంత తికమక ఇంకెక్కడా లేదు.

తమ్ముడు: మన వైపు చెరువు గట్టు మీద రైతుని అడిగితే "50 కౌంట్ పట్టాం" అంటాడు. అంటే కిలోకి 50 రొయ్యలు తూగుతున్నాయని. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. అదే సరుకు ప్లాంటులో శుభ్రమై అమెరికా డబ్బాలోకి వెళ్లేటప్పుడు దాని మీద 31/40 అని ఉంటుంది. అది కూడా కౌంటే. కానీ అది పౌండుకి 31 నుంచి 40 అని, అదీ తల తీసిన రొయ్యకి.

అక్క: అంటే రెండు మార్పులు.

తమ్ముడు: అవును, అందుకే కొత్తగా చేరిన పిల్లలు ఇక్కడ తడబడతారు. నేను తెల్ల కాగితం మీద ఇలా చూపిస్తాను. కిలోకి 50 రొయ్యలు. తలలు తీస్తే సుమారు మూడోవంతు బరువు పోతుంది. ఆ 50 రొయ్యలే ఇప్పుడు 667 గ్రాములు తూగుతాయి. అంటే తల లేని కిలోకి 75 రొయ్యలు. దాన్ని 2.2తో భాగిస్తే పౌండుకి 34. అందుకని 31/40 డబ్బాలోకి వెళ్తుంది. కిలో కౌంట్‌ని 2.2తో భాగించాలి, గుణించకూడదు. పౌండు చిన్న తూకం కదా, అందులో తక్కువ రొయ్యలే పడతాయి. సూత్రం మర్చిపోయినా ఈ ఒక్క సంగతి కళ్ల ముందుంటే తప్పు జరగదు.

అక్క: మరి ఇక్కడ కూడా నీ రెట్టింపు, పదోవంతు లెక్కే వాడతావా?

తమ్ముడు: గ్రేడు అందాజుకి వాడతాను. ప్యాకెట్ నింపేటప్పుడు వాడను. రెండు పౌండ్ల ప్యాకెట్ అంటే 907 గ్రాములు. ఎవరైనా 900 వేసి సరిపెడితే ప్యాకెట్‌కి 7 గ్రాములు తక్కువ. వెయ్యి ప్యాకెట్లకి 7 కిలోలు. కొన్నవాడు డబ్బు కట్టింది 907కి. అవతల దేశంలో మన సరుకు పరువు ఆ 7 గ్రాముల మీద ఉంటుంది. పౌండుకి కచ్చితమైన విలువ కూడా ఉంది, 0.45359237 కిలోలు. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాలు కలిసి ఒప్పుకున్న అంకె అది. అంటే పౌండు కూడా కిలో మీదే ఆధారపడి ఉంది.

అక్క: బంగారం గురించి ఒక్క మాట. వార్తల్లో ఔన్సు బంగారం ఇన్ని డాలర్లని చెప్తారే, అది వంటింటి ఔన్సు కాదు. బంగారానికి వేరే ఔన్సు, 31.1 గ్రాములు. 28తో లెక్కేస్తే గ్రాము ధర తప్పొస్తుంది. మన తులం కూడా అంతే. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు మాటవరసకి 10 గ్రాములనే తులం అంటున్నారు.

తమ్ముడు: తాతయ్య వీశెలు గుర్తొచ్చాయి.

అక్క: తాతయ్య చివరిదాకా వీశెల్లోనే మాట్లాడాడు. వీశె, అందులో సగం పదలం, పదలంలో సగం ఏబలం. బెల్లం పదలం, చింతపండు ఏబలం. మన దేశంలో 1956లో చట్టం వచ్చి, 1958 నుంచి మెట్రిక్ తూకాలు మొదలయ్యాయి. వీశె అంటే సుమారు 1.4 కిలోలు. తాతయ్య చీటీ రాసేటప్పుడు వీశె అని రాసి, పక్కన కిలోల్లో కూడా రాసేవాడు. కొట్టువాడు కుర్రవాడు, వాడికి తెలియకపోవచ్చని. మనం పౌండ్లతో ఇప్పుడు చేస్తున్నది ఆయన వీశెలతో చేశాడు.

తమ్ముడు: రెండూ రాయడం మంచి అలవాటు. కెనడాలో 1983 జులై 23న ఎయిర్ కెనడా విమానానికి ఏమైందో తెలుసు కదా. అప్పుడప్పుడే మెట్రిక్‌కి మారుతున్నారు. 22,300 కిలోల ఇంధనం కావాలి. లీటరు ఇంధనం బరువు 0.8 కిలోలని వెయ్యాల్సిన చోట 1.77 అని వేశారు. అది పౌండ్ల అంకె. కావలసినదానిలో సగం కూడా లేకుండా విమానం ఎగిరింది. 41,000 అడుగుల ఎత్తులో ఎగురుతుండగా ఇంధనం అయిపోయింది, ఇంజన్లు ఆగిపోయాయి. గిమ్లీ అనే ఊళ్లో పాత వైమానిక స్థావరం మీద గాల్లో తేలుతూ దింపారు. లోపల 69 మంది, అందరూ బతికారు.

అక్క: వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. నా కరెంటు బిల్లు మీద 330 కూడా అదే రకం తప్పు. అప్పటి నుంచి షాపులో ఎవరు పిల్లల బరువు చెప్పినా "కిలోలేనా అమ్మా?" అని అడుగుతున్నాను. అమెరికా నుంచి సెలవులకి వచ్చిన వాళ్లు ఎక్కువగా పౌండ్లలోనే చెప్తారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. నవ్వనీ, అడగడం మానను.

తమ్ముడు: అమ్మ పిలుస్తోంది. రేపటి పార్సిల్ తూకం వెయ్యాలట.

అక్క: ఎంతుందో ఇక్కడే చెప్పు, వింటున్నవాళ్లు కూడా లెక్క వేసుకుంటారు.

తమ్ముడు: హల్వా, పాప గౌన్లు కలిపి 4.3 కిలోలు. రెట్టింపు 8.6, పదోవంతు 0.86. తొమ్మిదిన్నర పౌండ్లకి కాస్త తక్కువ.

అక్క: చెల్లికి పెట్టే మెసేజ్‌లో రెండూ రాయి. బటన్ ఎటువైపుందో చూసుకుని తూకం వెయ్యి.