పార బరువు సంగతి వదిలేయండి, వంపు చూడండి

(పెరట్లో రెండు పారలు గోడకు ఆనించి ఉంటాయి. పక్కన స్టూలు మీద ఒక అట్లకాడ.)

నమస్తే అండి. అనంతపురం ఎర్రమట్టిలో పెరటి తోట వేసుకున్నవాళ్ళు ఎవరింటికి వెళ్ళినా నాకు ఒకే మాట వినబడుతోంది. "మా నేల మహా గట్టి, మామూలు పారకు లొంగదు, ఇంకా బరువైనది తెచ్చుకోవాలి." తెచ్చుకుంటారు కూడా. రెండు నెలలు తిరగకముందే ఆ పార మూలకు చేరుతుంది, ఇంట్లోకి నడుము బెల్టు వస్తుంది. ఆ తర్వాత వంగ మొక్కల మధ్య గరిక మోకాలెత్తు లేస్తుంది. ఇది చూసి చూసి నాకు మనసు ఉండబట్టక ఈ వీడియో చేస్తున్నాను.

(అట్లకాడ చేతిలోకి తీసుకుని)

ముందు దీన్ని చూడండి. పెనం మీద దోసె అంటుకుపోయిందనుకుందాం. అప్పుడు ఇంకా బరువైన అట్లకాడ కోసం ఎవరైనా వెతుకుతారా? వెతకరు. ఉన్న అట్లకాడనే కాస్త వాల్చి, అంచు దోసె కిందికి దూరేలా తోస్తారు. దోసె లేచి వస్తుంది. అదే అట్లకాడను నిట్టనిలువుగా పట్టుకుని గీకితే పెనం గీతలు పడుతుంది, దోసె చిరుగుతుంది, చెయ్యి నొప్పి పుడుతుంది. బరువు అదే, పదును అదే, పట్టుకున్న వాలు ఒక్కటే మారింది.

మన పెరట్లో జరుగుతున్నది కూడా సరిగ్గా ఇదే. వాన పడి ఎండ కాస్తే ఎర్రనేల పైన ఒక పెచ్చు కడుతుంది. కలుపు వేళ్ళు ఆ పెచ్చు కింద ఒకటి రెండు అంగుళాల లోతులో ఉంటాయి. అక్కడ మనకు కావలసింది చెక్కడం. చేతిలో ఉన్నది తవ్వే పార. తవ్వే పారతో చెక్కబోతే, అట్లకాడను నిలువుగా పట్టి దోసె తీయబోయినట్టే.

(మొదటి పార తీసుకుంటారు. కెమెరా రేకుకు దగ్గరగా.)

ఇది నేను అంగట్లో కొన్న పార. "గట్టి నేలకు ఇదే మేడమ్" అని చేతిలో పెట్టారు. రేకు, కామ (అంటే పిడి కర్ర) కలిసి దాదాపు రెండు కిలోలు. ఇక్కడ రేకుకూ కామకూ మధ్య ఉన్న కోణం చూడండి, లంబకోణానికి దగ్గరగా ఉంది. నేను నిటారుగా నిలబడి దీన్ని నేల మీద పెట్టి లాగుతాను. చూశారా, అంచు నేలలోకి దిగబడిపోయింది. ముందుకు రావడం లేదు. రావాలంటే నేను వంగాలి. నడుము వంచి పార మీదికి వాలి, కామను ఇంకా నిలువు చేస్తేనే అంచు వాలు తగ్గి కదులుతుంది. అంటే పనిముట్టులో ఉండాల్సిన వంపు నా నడుము మోస్తోంది.

ఇప్పుడు బరువు సంగతి. నిమిషానికి ఇరవై దెబ్బలు వేస్తామనుకుందాం. గంటకు 1200 దెబ్బలు. రెండు కిలోల పార అయితే గంటలో 2400 కిలోలు ఎత్తి దించినట్టు. 1.2 కిలోల పార అయితే 1440 కిలోలు. తేడా 960 కిలోలు, అంటే దాదాపు ఒక టన్ను. ఒక్క గంటలో! బరువుంటే దెబ్బ గట్టిగా పడుతుంది కదా అంటారు. నిజమే, కానీ దెబ్బ బలం బరువుతో పాటు ఒక్కింత పెరిగితే, వేగంతో అంతకింత పెరుగుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ శక్తి నాలుగింతలు. బరువైన పారను పావుగంట తర్వాత అదే వేగంతో ఆడించగలిగేవాళ్ళు ఎంతమంది? పైగా చెక్కే పనికి అసలు దెబ్బే వేయక్కర్లేదు. నేల మీద ఆనించి లాక్కుంటే చాలు.

(రెండో పార తీసుకుంటారు.)

ఇది నేను మార్పించుకున్నది. పార కొత్తది కాదు, రేకు పాతదే. మా ఊరి కొలిమికి తీసుకెళ్ళాను. వెళ్ళే ముందు ఇంట్లో ఒక పని చేశాను, మీరూ చేయండి. మీ భుజం ఎత్తు ఉన్న కర్ర ఒకటి తీసుకుని, హాయిగా నిలబడి, పార లాగుతున్నట్టు పట్టుకోండి. నడుము వంచకండి. ఇంట్లో వాళ్ళను పిలిచి, కర్రకూ నేలకూ మధ్య ఉన్న కోణాన్ని ఒక అట్ట మీద గీయించండి. పాత పెళ్ళి పత్రిక అట్టయినా సరిపోతుంది. నాకు దాదాపు 50 డిగ్రీలు వచ్చింది. దానికి 20 కలిపాను, ఎందుకంటే రేకు నేలకు ఆ మాత్రం వాలుతో ఉంటే అంచు పట్టుకుంటుంది, దిగబడదు. మొత్తం 70. ఆ 70 డిగ్రీల ముక్క కత్తిరించి తీసుకెళ్ళాను.

కమ్మరాయన అడిగాడు, "ఎంత వంచల్ల మా?" అని. అట్ట ముక్క ఇచ్చాను. కామ దగ్గర పెట్టి చూసి, "ఇంత వంచితే మట్టి తవ్వలేవు కదమ్మా" అన్నాడు. "తవ్వేదానికి కాదన్నా, చెక్కేదానికి" అన్నాను. "అట్ల చెప్పు మరి" అని పని మొదలుపెట్టాడు. ఆ మనిషికి ఆ ఒక్క మాటతో అంతా అర్థమైంది. మనం అంగట్లో ఆ మాట చెప్పం, వాళ్ళూ అడగరు.

ఆయన చేసిన పనిలో ఒకటి మీకు తప్పకుండా చెప్పాలి. రేకు అంచుకు తడి గోనె గుడ్డ చుట్టి, రేకు కామను కలిసే మెడ దగ్గర మాత్రమే కొలిమిలో కాల్చాడు. అంచు కూడా ఎర్రబడితే ఇనుము మెత్తబడుతుంది, తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు, మళ్ళీ కాల్చి నీళ్ళలో ముంచాల్సి వస్తుంది. మెడ ఎర్రగా అయ్యాక దాగలి అనే ఇనుప దిమ్మె మీద పెట్టి నాలుగు దెబ్బలు, అట్ట ముక్క పెట్టి చూడటం, ఇంకో రెండు దెబ్బలు. పది నిమిషాల్లో అయిపోయింది.

(నిలబడి రెండో పారతో మడిలో లాగుతారు. కెమెరా నేల మీద.)

చూడండి. నేను వంగలేదు. పెచ్చు పలకలా లేచి, రేకు మీదుగా జారి, వెనక పొడిగా పడుతోంది. ఈ తుంగ మొక్క చూడండి, మొదలు దగ్గర తెగిపోయింది. తుంగ గడ్డ లోపలే ఉంటుంది, మళ్ళీ మొలుస్తుంది, అది వేరే పోరాటం. కానీ విత్తనం నుంచి మొలిచిన కలుపు మొక్కలను చిన్నప్పుడే ఇలా చెక్కేస్తే మధ్యాహ్నం ఎండకు మాడిపోతాయి.

కామ పొడుగు గురించి పెద్దవాళ్ళు ఒక మాట అంటారు, "పొట్టి కామ అయితేనే చెయ్యి అదుపులో ఉంటుంది" అని. మొక్క మొదట్లో కూర్చుని, తొలిక అనే చిన్న చేతి పనిముట్టుతో కలుపు తీసేటప్పుడు అది నిజం. వేరుశనగలో గానీ, ఉల్లి మడిలో గానీ, వేలెడంత సందులో తొలిక చేసే పని ఏ పొడుగు కామా చేయలేదు. కానీ ఖాళీ జాగాలో, సాళ్ళ మధ్యలో కూడా నడుము వంచే చేయాలని ఎక్కడుంది? అమెరికాలో కాలిఫోర్నియాలో తోటకూలీలకు జానెడు, మూరెడు కామ ఉన్న పార ఇచ్చేవాళ్ళు. దానికి కూలీలు పెట్టుకున్న పేరు ఎల్ కోర్టిటో, అంటే పొట్టిది అని. రోజంతా రెండుగా వంగి పనిచేసి వాళ్ళ వెన్నులు పాడైపోయాయి. పంట దెబ్బతినకుండా ఉండాలంటే పొట్టి కామే కావాలని యజమానులు వాదించారు. ఆ పార ఉంటే, నిలబడ్డవాడు పని ఆపినవాడని దూరం నుంచే తెలిసిపోయేది కూడా. కూలీలు కోర్టుకు వెళ్ళారు. 1975లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది, ఆ ఏడాదే పొట్టి పార మీద నిషేధం వచ్చింది. తర్వాత పొడుగు కామలతోనే ఆ పంటలన్నీ పండించారు. మన దగ్గర కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ నడుము నొప్పిని వయసు మీదికి నెట్టేస్తున్నాం. కామ పొడుగు కొలిచి చూసినవాళ్ళు నాకైతే కనబడలేదు.

అయితే తవ్వే పారకు కూడా ఐదడుగుల కామ పెట్టించకండి. మట్టి ఎత్తి పోసే పారకు పొట్టి కామే సరి. పొడుగు పెడితే కొసన ఉన్న మట్టి బరువు మన చేతులను లాగేస్తుంది. గుంట తీయడానికి గడ్డపార, మట్టి ఎత్తడానికి పొట్టి పార, పైపైన చెక్కడానికి పొడుగు కామ. ఏ పనికి ఆ పనిముట్టు. ఉప్మా గరిటెతో దోసె తిప్పం కదా.

ఇంకొకటి. ఇదేదో బయట నుంచి వచ్చిన ఆలోచన అనుకోవద్దు. కలుపు కోయడానికి ఎద్దులతో లాగించే మన గుంటకను గుర్తుచేసుకోండి. గుంటక పాస, అంటే దాని ఇనుప రేకు, నేలను తవ్వుతుందా? తవ్వదు. పై మట్టి కింద వాలుగా పాకుతూ కలుపు వేళ్ళను కోసుకుంటూ పోతుంది, పైన పొడి మట్టి దుప్పటిలా పరుచుకుంటుంది. కింద తడి తొందరగా ఆరిపోదు. వాన తక్కువగా పడే మన జిల్లాలో ఆ తడి ఎంత విలువైనదో మీకు నేను చెప్పక్కర్లేదు. గుంటక తయారుచేసినవాళ్ళకు వాలు సంగతి బాగా తెలుసు. ఎద్దుల వెనక ఉన్న ఆ తెలివి మన పెరటి పారలోకి ఎందుకు రాలేదా అని నాకు నిజంగా బాధ. మన జిల్లాలోనే, గార్లదిన్నెలో, వ్యవసాయ యంత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ట్రాక్టరు కొనేటప్పుడు దాని హార్స్ పవర్ ఎంత, మైలేజీ ఎంత అని పదిమందిని అడుగుతాం. చేతి పార కొనేటప్పుడు కామ పట్టుకుని ఒకసారి నిలబడి కూడా చూడం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. మన భాషలో పదును అనే మాట రెండిటికీ వాడతాం. కత్తికీ పదునే, నేలకూ పదునే. వాన పడ్డాక "పదునైంది, విత్తనం వేయొచ్చు" అంటాం. ఈ రెండు పదునులూ కలిసిన రోజే పని తేలికవుతుంది. మళ్ళీ దోసె దగ్గరికే రండి. కాలకముందే అట్లకాడ పెడితే పిండి ముద్దగా అంటుకుంటుంది. మాడిపోయాక పెడితే ముక్కలవుతుంది. నేలా అంతే. గుప్పెట్లోకి మట్టి తీసుకుని నొక్కండి. ముద్దయి చేతికి అంటుకుంటే ఇంకా ఆగండి. ముద్దయి, బొటనవేలితో తాకగానే పొడిగా రాలితే, అదే పదును. అసలు ముద్దే కాకపోతే ఆలస్యమైంది, సాయంత్రం నీళ్ళు పెట్టి మర్నాడు చూడండి. ఎర్రనేలకు ఆ పదును తొందరగా పోతుంది. నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి వాళ్ళకు కష్టం ఇంకో రకం. తడిలో రేకుకు బంకలా పట్టుకుంటుంది, ఆరితే రాయిలా బిగిసి బీటలు తీస్తుంది. మధ్యలో దొరికే కొద్ది రోజులే మీ రోజులు.

(పార అంచు చూపిస్తూ)

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

పదును ఒకవైపే పెట్టండి, పైవైపు. మట్టి ఎక్కే వైపు అన్నమాట. అడుగు చదునుగా ఉండాలి. అడుగు వైపు ఆకురాయితో అరగదీస్తే ఆ వాలు నేలకు ఆనుకుని అంచు పైకి లేస్తుంది, పట్టుకోదు. గులకరాళ్ళు ఉన్న గరుసు నేలలో మరీ సన్నగా తీయొద్దు, అంచు పెచ్చులూడుతుంది. 45 డిగ్రీల దాకా మందంగా ఉంచండి. మెత్తటి మట్టిలో 30 చాలు.

వెడల్పు. పెచ్చు కట్టిన నేలకు నాలుగు అంగుళాలు మించొద్దు. వెడల్పు రెట్టింపైతే లాగే బలమూ దాదాపు రెట్టింపే.

కామకు నల్లతుమ్మ గట్టిది. కానీ పొడుగు కామకు ఎండిన మంచి వెదురు తేలిక, నేను అదే వాడుతున్నాను. లావు ఎంతంటే, పట్టుకున్నప్పుడు బొటనవేలు చూపుడువేలిని ఇంచుమించు తాకాలి. కర్ర కామ అయితే గుండ్రంగా కంటే కోడిగుడ్డు ఆకారంలో చెక్కించుకుంటే చేతిలో తిరిగిపోదు.

నల్లరేగడి వాళ్ళు రేకును నునుపుగా ఉంచుకోండి. తుప్పు పట్టిన గరుకు రేకుకే మట్టి ఎక్కువ పట్టుకుంటుంది. పని అవగానే చెక్క ముక్కతో గీకి, తుడిచి, చుక్క ఆముదం రాయండి. కొందరు పాత ఇంజిన్ ఆయిల్ రాస్తారు, కూరగాయల మడిలో తిరిగే రేకుకు అది నాకు ఇష్టం లేదు.

పెరడు పెద్దదైతే చక్రం ఉన్న కలుపు పరికరం చూడండి. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ వాళ్ళు రెండు చక్రాల రకం కూడా రూపొందించారు. ముందుకు తోసి వెనక్కి లాగుతూ నడవడమే. దాని కింద ఉన్న రేకు చూస్తే మీకు గుంటక పాసే కనిపిస్తుంది. కొనే ముందు పిడి ఎత్తు మార్చుకునే వీలుందో లేదో చూడండి, మీ నడుము ఎత్తుకు రావాలి.

ఆఖరిది, కామ వదులైతే పారను రాత్రంతా నీళ్ళలో నానబెట్టే అలవాటు ఉంది. దయచేసి మానేయండి. కర్ర ఉబ్బి ఒకటి రెండు రోజులు బిగుస్తుంది, మన ఎండకు ఆరాక ముందుకంటే ఎక్కువ వదులవుతుంది. పని మధ్యలో రేకు ఊడి కాలి మీద పడితే ప్రమాదం. కామ కొసన సన్నటి చీలిక పెట్టి, ఎండిన చెక్క చీల కొట్టి బిగించండి.

మొన్నటి వానకు పదునైన ఆ రెండో మడి అలాగే ఉంది, సాయంత్రానికి ఆరిపోతుంది. నేను వెళ్ళి చెక్కేస్తాను. ఉంటానండి.