డిజిటల్ శిక్షణ ఉద్యోగి చేసే పని నుంచి మొదలు కావాలి

(వివిధ శాఖల జిల్లా, మండల స్థాయి శిక్షకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ప్రభుత్వ కార్యాలయాల్లో ఉద్యోగులకు కంప్యూటర్ శిక్షణ ఇవ్వడం మన రాష్ట్రాలకు కొత్త విషయం కాదు. 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ అనే కంప్యూటర్ రిజిస్ట్రేషన్ విధానం వచ్చినప్పుడు, అంతవరకు దస్తావేజులను చేత్తో పుస్తకాల్లోకి ఎక్కించడం, సూచికలు తిరగేసి ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు తెలిపే పత్రాలు) రాసివ్వడం అలవాటైన శాఖ కంప్యూటర్ ముందుకు రావలసి వచ్చింది. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు డిజిటల్ అసిస్టెంట్ అనే ఉద్యోగమే కొత్తగా పుట్టింది. 2021 నుంచి పిల్లల, గర్భిణుల పోషణ వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్ అంగన్‌వాడీ టీచర్ల చేతిలోని ఫోనులోకి చేరింది. ఈ కాలమంతటిలో యంత్రాలు, పోర్టళ్ళు ఎన్నో మారాయి గాని, శిక్షణ తరగతి స్వరూపం చాలాచోట్ల అలాగే ఉండిపోయింది. పెద్ద హాల్లో అన్ని హోదాల వారినీ కలిపి కూర్చోబెడతాం, తెర మీద ఏ మెనూ ఎక్కడుందో చూపిస్తాం, సాయంత్రం హాజరు పట్టీలో సంతకాలు తీసుకుంటాం. మర్నాడు తన కుర్చీలో కూర్చున్న ఉద్యోగికి వచ్చే ఇబ్బంది ఆ తెర మీద కనిపించినదానిలో ఉండదు. శిక్షణను యాప్ నుంచి మొదలుపెట్టకుండా, ఆ ఉద్యోగి ఆ రోజు పూర్తి చేయవలసిన పని నుంచి మొదలుపెట్టాలన్నదే ఈ రోజు మీ ముందు నేను ఉంచదలచిన మాట.

ఎక్సెల్ సంగతే తీసుకుందాం. దాదాపు ప్రతి శాఖా తన సిబ్బందికి ఎక్సెల్ నేర్పుతుంది. కూడికలు, ఫార్ములాలు, రంగురంగుల చార్టులు చూపిస్తారు. రెవెన్యూ సిబ్బందికి కావలసింది అంతకంటే చాలా చిన్న విషయం. సర్వే నంబరు 12/3 అని ఒక గడిలో కొట్టి ఎంటర్ నొక్కితే, తేదీని రోజు, నెల వరుసలో చదివేలా పెట్టిన ఎక్సెల్ దానిని మార్చి 12వ తేదీగా మార్చేస్తుంది. పక్క గడిలో 45/2 కొడితే అది మాత్రం చెక్కుచెదరదు, ఎందుకంటే 45వ తేదీ అనేది ఏ నెలలోనూ లేదు. ఒకే నిలువు వరుసలో కొన్ని నంబర్లు మారిపోయి, కొన్ని సరిగ్గానే ఉండడం వల్ల పైపైన చూసినవారికి తప్పు పట్టుబడదు. పోనీ, తర్వాత గమనించి ఆ వరుసను టెక్స్ట్‌గా మార్చినా పాత నంబరు తిరిగి రాదు, దాని స్థానంలో ఏదో ఐదంకెల సంఖ్య నిలుస్తుంది. అంకెలు ఎక్కించక ముందే వరుస మొత్తాన్ని ఎంచుకుని టెక్స్ట్‌గా పెట్టుకోవాలన్న ఒక్క అలవాటు ఈ బెడదను తప్పిస్తుంది. పింఛన్లు, రాయితీలు చూసే సిబ్బందికీ ఇదే అలవాటు ప్రాణం, ఎందుకంటే సున్నాతో మొదలయ్యే బ్యాంకు ఖాతా నంబరులో ఆ సున్నా దానంతట అదే ఎగిరిపోతుంది, పదిహేను అంకెలు దాటిన నంబరులో ఆపై అంకెలన్నీ సున్నాలవుతాయి. ఆ జాబితాతో డబ్బు రావలసిన ముసలావిడ మూడుసార్లు కార్యాలయం చుట్టూ తిరుగుతుంది, తప్పు ఎవరిదో ఎవరికీ తెలియదు. రెండు రోజుల సాధారణ ఎక్సెల్ తరగతి కన్నా, వారి సొంత జాబితా తెరిచి చేయించే ఈ అరగంట పాఠమే ఎక్కువ మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం.

అంగన్‌వాడీ టీచర్ పరిస్థితి మరింత సున్నితమైనది. పిల్లల బరువు, ఎత్తు పోషణ్ ట్రాకర్‌లో ఎక్కిస్తే, వయసును, ఆడో మగో అన్న వివరాన్ని బట్టి ఆ బిడ్డ ఎదుగుదల ఎలా ఉందో యాప్ తేలుస్తుంది. రెండేళ్ళ లోపు పిల్లలను పడుకోబెట్టి పొడవు కొలవాలి, రెండేళ్ళు నిండినవారిని నిలబెట్టి ఎత్తు కొలవాలి. అదే బిడ్డను నిలబెట్టి కొలిస్తే, పడుకోబెట్టి కొలిచినప్పటి కన్నా సుమారు 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. పుట్టిన తేదీలో నాలుగు నెలలు అటూ ఇటూ అయినా, చక్కగా ఎదుగుతున్న బిడ్డ ఎదుగుదల లోపం ఉన్నవారి లెక్కలోకి పోవచ్చు, సాయం అందవలసిన బిడ్డ ఆ లెక్కలోంచి జారిపోనూ వచ్చు. కాబట్టి ఏ బటన్ నొక్కాలో చెప్పే పాఠాన్ని కొలబద్ద నుంచి, బరువు తూచే యంత్రం నుంచి, తల్లి దగ్గరున్న జనన ధ్రువపత్రం నుంచి విడదీయకూడదు. 2025 జులై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు కూడా తప్పనిసరి అయింది. గర్భిణి ఎదురుగా నిలబడి ఉంటే, గుర్తింపు కోసం వచ్చే ఓటీపీ మాత్రం వేరే ఊళ్ళో పనిలో ఉన్న భర్త ఫోనుకు వెళ్ళినప్పుడు టీచర్ ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి, ఆ రోజు రేషన్ మాటేమిటి అన్నవి శిక్షణలోనే తేలాలి.

ఇక్కడ పనిముట్ల మాట కూడా చెప్పుకోవాలి. 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వమిచ్చిన ఫోన్లను వెనక్కి ఇచ్చేసి నిరసన తెలిపారు. ఫోన్లు నాసిరకం కావడం, యాప్ భాష అర్థం కాకపోవడం వారి ఫిర్యాదులు. అది నేర్చుకోవడానికి మొండికేయడం కానే కాదు. పని చేయని ఫోను చేతికిచ్చి, అర్థం కాని భాషలో అడిగి, జవాబు రాలేదని ఉద్యోగిని తప్పుపట్టడం అన్యాయం.

తెలుగు టైపింగ్ దగ్గరా ఇదే చిక్కు. మన కార్యాలయాల్లో ఏళ్ళ తరబడి అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో వేగంగా టైపు చేసిన అనుభవజ్ఞులు ఉన్నారు. అలా టైపు చేసినదాన్ని అలాగే తీసుకెళ్ళి పోర్టల్లో అతికిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ కావలసింది ఏ కంప్యూటరైనా ఒకేలా చదవగల అక్షర విధానం, యూనికోడ్. వారిని పని రాని వారిగా చూడకుండా, పాత ఫైళ్ళను మార్చుకునే పద్ధతిని, తమ వేళ్ళకు అలవాటైన కీబోర్డు అమరికతోనే యూనికోడ్‌లో టైపు చేసే వీలును చూపిస్తే వారి నైపుణ్యం వృథా పోదు.

కేంద్ర మంత్రివర్గం 2020 సెప్టెంబరులో ఆమోదించిన ప్రభుత్వోద్యోగుల శిక్షణ పథకం మిషన్ కర్మయోగి, ఉద్యోగి శిక్షణ అతని పాత్రను బట్టి ఉండాలన్న సూత్రాన్ని స్పష్టంగా చెప్పింది. దాని ఆన్‌లైన్ శిక్షణ వేదిక ఐగాట్ మీద కోర్సులూ ఉన్నాయి. సూత్రం మంచిదే. అయితే ఎవరు ఎన్ని కోర్సులు పూర్తి చేశారన్న లెక్కే పై అధికారులకు ముఖ్యమైతే, వీడియో ఒక పక్క నడుస్తుండగా మరో పక్క ఫైలు చూసుకునే అలవాటే మిగులుతుంది. సర్టిఫికెట్ల సంఖ్య కన్నా, శిక్షణ తర్వాతి నెలలో ఆ కార్యాలయం నుంచి తిరస్కరణతో వెనక్కి వచ్చిన దరఖాస్తులు తగ్గాయా లేదా అని చూడమని అధికారులను వేడుకుంటున్నాను.

అధికారుల ప్రస్తావన వచ్చింది కాబట్టి వారికి కావలసిన శిక్షణ గురించీ చెప్పాలి. డిజిటల్ సంతకపు టోకెన్‌ను, అంటే ఆ సంతకం ఉండే చిన్న యూఎస్‌బీ పరికరాన్ని, దాని పాస్‌వర్డ్‌తో సహా ఆపరేటర్ దగ్గర వదిలి వెళ్ళే అలవాటు చాలా కార్యాలయాల్లో ఉంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం ఆ సంతకానికి చట్టబద్ధమైన విలువ ఉంది, పేరు ఎవరిదో బాధ్యతా వారిదే. దరఖాస్తుదారుల ఆధార్ నకళ్ళను వాట్సాప్ గ్రూపుల్లో పంపడమూ ఇలాంటిదే. పౌరుల వ్యక్తిగత సమాచారం విషయంలో 2023లో ప్రత్యేకంగా చట్టమే వచ్చాక ఇంకా అలవాటు పేరుతో దాటవేయడం కుదరదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్ర వాట్సాప్ సేవ మొదలైంది. పౌరులు ఇంటి నుంచే దరఖాస్తు పెట్టుకోగలిగినప్పుడు, సచివాలయ సిబ్బంది పని వివరాలు ఎక్కించడం నుంచి పరిశీలించడం వైపు మళ్ళుతుంది. దరఖాస్తులోని వివరాలు రికార్డుతో సరిపోతున్నాయా, జత చేసిన పత్రం అసలుదేనా, తిరస్కరిస్తే కారణం ఆ మనిషికి అర్థమయ్యేలా రాశామా అన్నవి రేపటి నైపుణ్యాలు. టైపింగ్ వేగం కన్నా ఇవి కష్టమైనవి, వీటికి మన దగ్గర పాఠ్యాంశాలు ఇంకా సరిగా లేవు.

వచ్చే విడత శిక్షణకు ఉత్తర్వులు తయారుచేసే ముందు, ప్రతి శిక్షకుడూ తాను నేర్పబోయే ఉద్యోగి పక్కన ఒక పూట కూర్చుని అతని పని చూడాలని కోరుతున్నాను. శిక్షణకు వచ్చేవారు తమను ఇబ్బంది పెట్టిన దరఖాస్తునో, జాబితానో, అందులోని పేర్లు, ఆధార్ నంబర్లు కనబడకుండా చేసి వెంట తెచ్చుకోవాలి. తరగతిలో ఇరవై మందికి మించకూడదు, అది పని గంటల్లోనే జరగాలి. ఆదివారం పిలిచి నేర్పితే వచ్చేవారి మనసు ఇంటి దగ్గరే ఉంటుంది. తర్వాత నెల రోజుల పాటు, చిక్కు వచ్చిన క్షణంలో ఫోను ఎత్తి జవాబు చెప్పగల ఒక మనిషి మండలానికి ఒకరైనా ఉండాలి. ఆ మనిషిని బయటి నుంచి తేనక్కరలేదు. ప్రతి కార్యాలయంలోనూ తోటివారంతా ముందుగా వెళ్ళి అడిగే ఉద్యోగి ఒకరు ఎప్పుడూ ఉంటారు. వారి మిగతా పనిభారం కొంత తగ్గించి, ఈ బాధ్యతను ఉత్తర్వు రూపంలో వారికి అప్పగించండి.