జనవరి చలిలో సాల్మన్ వేట: లాఖ్ టే సరస్సు మీద తొలి వారాలు

[తెరపై: మంచు కప్పిన కొండల నడుమ పొడవైన సరస్సు. పైనుంచి తీసిన దృశ్యం.]

నమస్కారం. మీరు చూస్తున్నది స్కాట్లండ్ నడిబొడ్డున ఉన్న లాఖ్ టే. పొడవు సుమారు 23 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 150 మీటర్లు దాటుతుంది. ఉత్తరపు ఒడ్డున లేచి నిలబడిన కొండ బెన్ లాయర్స్, 1,214 మీటర్ల ఎత్తు. నైరుతి కొసన కిల్లిన్ ఊరు, ఈశాన్యపు కొసన కెన్‌మోర్. కిల్లిన్ దగ్గర డాకర్ట్, లాఖీ నదులు సరస్సులో కలుస్తాయి. కెన్‌మోర్ వంతెన కింద నుంచి టే నది బయటికి వెళ్తుంది.

ఏటా జనవరి 15న ఇక్కడ సాల్మన్ చేపల వేట మొదలవుతుంది. కెన్‌మోర్‌లో బ్యాగ్‌పైపులు మోగుతాయి, జనం ఊరేగింపుగా నీటి ఒడ్డుకు వస్తారు, పడవ మీద విస్కీ పోసి శుభారంభం చేస్తారు. ఆ తేదీ ఆదివారం పడితే వేట మర్నాటి నుంచే. స్కాట్లండ్‌లో ఆదివారం సాల్మన్‌కు గాలం వేయడం చట్టవిరుద్ధం.

[తెరపై: పడవ అంచున ఆనించిన గాలం కర్రలు. వాటి మీద పడుతున్న మంచు జల్లు.]

ఇంత చలిలో, గంటకో రకంగా మారే వాతావరణంలో చేప పడుతుందా? పడుతుంది. అయితే చాలామంది పొద్దున లేచి కిటికీ తీసి, ఈరోజు ఎండ ఉందా, వాన ఉందా అని చూసి ఆశ పెంచుకుంటారు, లేదా ఉసూరుమంటారు. నా లెక్క వేరు. ఈరోజు వాతావరణం మీ పడవకు సంబంధించినది. చేపకు సంబంధించిన వాతావరణం రెండు మూడు వారాల కిందట, ఇక్కడికి ఎంతో దూరంలో నది దిగువన గడిచిపోయింది. ఈ ఒక్క విషయం మనసుకెక్కితే శీతకాలపు వేటలో సగం చిక్కుముళ్లు విడిపోతాయి. అందుకే దీన్ని నిదానంగా చెప్తాను.

[తెరపై: టే నది పటం. డండీ, పెర్త్, స్టాన్లీ, డంకెల్డ్, అబర్‌ఫెల్డీ, కెన్‌మోర్.]

సాల్మన్ మంచినీటిలో పుడుతుంది, సముద్రంలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన నదికి వస్తుంది. మన గోదావరికి ఎదురీదే పులసను ఎరిగినవాళ్లకు ఈ ప్రయాణం కొత్తగా అనిపించదు. కాకపోతే సాల్మన్ ఓపిక మరో స్థాయిది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నదిలోకి వచ్చిన చేప గుడ్లు పెట్టేది మళ్లీ శరదృతువు ముగిసే వేళకు, నవంబరు ప్రాంతంలో. అన్ని నెలలూ అది మేత మేయదు. సముద్రంలో కూడబెట్టుకున్న కొవ్వు మీదే బతుకుతుంది. ఇలా ముందుగా వచ్చే చేపలను ఇక్కడివాళ్లు స్ప్రింగర్లు అంటారు. సముద్రంలో రెండు మూడు శీతకాలాలు గడిపి, బలిసి వచ్చినవి ఇవి.

డండీ, ఎడిన్‌బరో, గ్లాస్గో నగరాల్లో చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. డండీలో టే రైలు వంతెన మీదుగా వెళ్లేటప్పుడు కింద కనిపించే ఆ విశాలమైన నీరే ఈ చేపలకు సింహద్వారం. అక్కడి నుంచి కెన్‌మోర్ దాకా నది దారి నూరు కిలోమీటర్లకు పైనే.

ఆ దారిలో పెర్త్ దాటాక, స్టాన్లీ దగ్గర క్యాంప్సీ లిన్ అనే చోటు ఉంది. రాళ్ల మీద నుంచి నీరు ఉరికే చోటు. ఎండాకాలంలో చేపకు అది లెక్కలోది కాదు. చలికాలంలో మాత్రం అదొక తలుపు. సాల్మన్ ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటి వేడిని బట్టే ఉంటుంది. నీరు మూడు నాలుగు డిగ్రీలకు పడిపోతే కండరాలు మందగిస్తాయి, ఉరకలెత్తే నీటికి ఎదురు వెళ్లే శక్తి తగ్గుతుంది. నీరు సుమారు 5 డిగ్రీలకు చేరేదాకా చేపలు ఇలాంటి అడ్డంకి కిందే ఆగి ఉండటానికి ఇష్టపడతాయని ఈ నది మీద బతికేవాళ్లు తరతరాలుగా చెబుతున్నారు.

ఇప్పుడు లెక్క కట్టండి. క్రిస్మస్ ముందు నుంచీ గట్టి మంచు పడి నది బిగుసుకుపోతే, స్ప్రింగర్లు స్టాన్లీ కిందే ఉండిపోతాయి. జనవరి 15న కెన్‌మోర్‌లో ఎంత చక్కని ఎండ కాసినా, మీ పడవ కింద చేప ఉండదు. అదే డిసెంబరు చివర్లో వెచ్చని నైరుతి గాలులు, వానలు వచ్చి నది నిండుగా పారితే, చేపలు ఆగకుండా పైకి వచ్చేస్తాయి. అప్పుడు తొలిరోజు మంచు తుఫాను రేగినా సరే, సరస్సులో చేప ఉన్నట్టే. సరస్సులోకి చేరాక అవి కొంతకాలం నిలుస్తాయి. ఎందుకంటే ఎగువన కిల్లిన్ ఊళ్లో డాకర్ట్ జలపాతం ఉంది. చల్లని నీటిలో అది కూడా ఒక తలుపే.

కాబట్టి వేటకు బయల్దేరే ముందు చూడాల్సింది ఆ రోజు వాతావరణ సూచన ఒక్కటే కాదు. స్కాట్లండ్ పర్యావరణ రక్షణ సంస్థ నదుల నీటిమట్టాలను ఇంటర్నెట్‌లో చూపిస్తుంది. గడిచిన మూడు వారాల గీత తీసి చూడండి. మట్టం పెరిగి, నెమ్మదిగా దిగుతూ, ఆ రోజుల్లో మంచు లేకుండా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. మంచు కరిగి పెరిగిన నీరైతే వేరే సంగతి. మట్టం పెరుగుతుంది గానీ, వచ్చే నీరు కరిగిన మంచే కాబట్టి నది మరింత చల్లబడుతుంది.

[తెరపై: సరస్సు అడ్డుకోత చిత్రం. లోతు, ఉష్ణోగ్రత.]

ఇక సరస్సు సంగతి. నీటికి ఒక విచిత్ర గుణం ఉంది. అది అత్యంత బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. శీతకాలంలో పైనీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, కిందిది పైకి వస్తుంది, దానికి తోడు గాలి కలియబెడుతుంది. ఇంత లోతైన సరస్సు మొత్తం చల్లబడాలంటే నెలలు పడుతుంది. అందుకే పక్కన కాలువలు గడ్డకట్టినా లాఖ్ టే గడ్డకట్టడం చాలా అరుదు. రాత్రి మంచు పడితే నదిలో నీటి వేడి తెల్లారేసరికి మారిపోతుంది. సరస్సులో ఆ తేడా దాదాపు తెలియదు. పైన వాన, మంచు, ఎండ ఒకదాని వెంట ఒకటి తరుముకుంటున్నా, కింద చేప ఉన్న లోకం నిలకడగానే ఉంటుంది.

అయితే ఆ చేప ఎక్కడ ఉంటుంది? 150 మీటర్ల లోతును చూసి భయపడకండి. స్ప్రింగర్లు ఎక్కువగా ఒడ్డు వెంబడి, మూడు నుంచి ఆరు మీటర్ల లోతున్న అంచుల మీద తిరుగుతాయి. నది వచ్చి కలిసే చోట, ఒడ్డు ముందుకు పొడుచుకొచ్చిన చోట, అడుగు ఒక్కసారిగా దిగిపోయే చోట వెతకాలి. పడవ నడిపే గిల్లీకి, అంటే వేటలో దారి చూపే స్థానిక సహాయకుడికి, ఈ అంచులన్నీ కొట్టినపిండి. తొలిసారి వెళ్లేవారు గిల్లీని మాట్లాడుకోవడానికి పెట్టే డబ్బు ఖరీదైన గాలం మీద పెట్టే డబ్బు కంటే ఎంతో విలువైనది.

[తెరపై: పడవ వెనుక భాగం. చెరో పక్కకు చాచిన గాలాలు.]

ఇక్కడి పద్ధతి ట్రోలింగ్. చిన్న మోటారు పడవ నెమ్మదిగా సాగుతూ ఉంటుంది, వెనక ముప్పై నలభై మీటర్ల దూరంలో ఎరలు ఈదుతూ వస్తాయి. రాపాలా చేపబొమ్మలు, టోబీ రేకులు, ఈ ప్రాంతంలో పేరుబడ్డ కైనాక్ కిల్లర్ అనే ఎర, ఇవే ఎక్కువగా వాడేవి. చేప మేత మేయదని చెప్పాను కదా, మరి ఎరను ఎందుకు కరుస్తుంది? కోపమో, కుతూహలమో, సముద్రంలో వేటాడిన అలవాటో, ఎవరి నమ్మకం వారిది. ఆకలి మాత్రం కాదు. కాబట్టి చల్లని నీటిలో ఎర దాని ముఖం ముందు నుంచి నిదానంగా పోవాలి. ఈ కాలంలో చేప ఎర వెంట పరుగులు తీయదు.

గాలం కర్ర కొసను చూడటం నేర్చుకోండి. ఎర సరిగ్గా ఈదుతుంటే కొస సన్నగా, ఒకే లయలో వణుకుతూ ఉంటుంది. ఆ వణుకు ఆగిందంటే ఎరకు ఆకు చుట్టుకుంది. వానల తర్వాత నదులు తెచ్చిన ఆకులూ పుల్లలూ నీటిపైన గుంపులుగా తేలుతుంటాయి. చూడటానికి కర్ర మామూలుగానే ఉంటుంది, కానీ మీరు గంటసేపు నీళ్లలో ఒక ఆకును ఊరేగిస్తూ ఉంటారు. కొస వణుకు ఆగిన క్షణమే దారం చుట్టి ఎర చూడండి. చలికి, దారం దూరే కర్ర కడియాల్లో నీటిబొట్లు గడ్డకట్టి దారం బిగుసుకుంటుంది కూడా. వాటిని వేళ్లతో నలిపి వదిలించండి. కొట్టి విరగ్గొట్టబోతే కడియం విరుగుతుంది.

పడవ మలుపు తిరిగేటప్పుడు మరింత జాగ్రత్తగా ఉండండి. మలుపు లోపలి వైపు ఎర నెమ్మదించి కిందికి దిగుతుంది, బయటి వైపుది వేగం అందుకుని పైకి లేస్తుంది. ఎంతోసేపు తిన్నగా సాగిన ఎర ఒక్కసారి తీరు మార్చిన ఆ క్షణంలోనే చాలా చేపలు పడతాయి. నిటారుగా గీత గీసినట్టు కాకుండా, ఒడ్డు వెంట మెలికలు తిరుగుతూ పోవడం మేలు.

[తెరపై: బెన్ లాయర్స్ శిఖరం మబ్బులో మాయమవుతున్న దృశ్యం, వేగం పెంచి.]

ఇప్పుడు ఆనాటి వాతావరణం మాట. ఈ సరస్సు నైరుతి నుంచి ఈశాన్యానికి చాచి ఉంది. ఇక్కడ ఎక్కువగా వీచే గాలి కూడా నైరుతి, పడమరల నుంచే. కొండల మధ్య ఇరుక్కున్న గాలికి ఇది సొరంగం. కిల్లిన్ దగ్గర చిన్న అలగా మొదలైనది కెన్‌మోర్ చేరేసరికి పడవను ఎత్తి పడేసే అల అవుతుంది. అట్లాంటిక్ మీద నుంచి వాయుగుండం వచ్చేటప్పుడు ముందు మబ్బు దిగి శిఖరం కనపడకుండా పోతుంది, గాలి పెరిగి వాన మొదలవుతుంది. అది దాటాక గాలి వాయవ్యానికి తిరుగుతుంది, ఒక్కసారిగా చలి కోస్తుంది, ఎండ మెరుపుల మధ్య మంచు జల్లులు పడతాయి. ఇదంతా ఒక పూటలోనే జరగవచ్చు. శిఖరం మాయమైందంటే ఎదుటి ఒడ్డున ఉన్నవారు ఇవతలికి వచ్చేయాలి. గాలి వాలులో పోయే పడవ మీకు తెలియకుండానే వేగం పుంజుకుంటుంది, ఎర పిచ్చిగా గిరగిరా తిరుగుతుంది. అప్పుడు మోటారు తగ్గించడమే మందు.

జనవరి మధ్యలో ఇక్కడ సూర్యుడు ఎనిమిదిన్నర దాటాకే ఉదయిస్తాడు, సాయంత్రం నాలుగు దాటగానే అస్తమిస్తాడు. మూడింటికే వెనక్కి తిరగండి. లైఫ్ జాకెట్ కాళ్ల మధ్య పట్టీతో సహా బిగించుకోండి. ఇలాంటి నీటిలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. పది నిమిషాల్లో చేతులు మాట వినడం మానేస్తాయి. ఎంత ఈత వచ్చినా ఇది మారదు. మోటారు నడిపేవారు ఆపుదల తాడును, అంటే మనిషి నీళ్లలో పడితే మోటారును ఆపేసే తాడును, ఒంటికి తగిలించుకోవాల్సిందే.

[తెరపై: నీటిలోనే వలలో ఉన్న చేప, దగ్గరి నుంచి.]

చేప పడింది. అది ఏ చేప? శీతకాలంలో రెండు రకాలు ఎదురవుతాయి. ఒకటి స్ప్రింగర్. రెండోది కెల్ట్, అంటే నవంబరులో గుడ్లు పెట్టేసి సముద్రానికి తిరిగి వెళ్తున్న చేప. కెల్ట్ కూడా వెండిలా మెరుస్తుంది, అందుకే కొత్తవారు పొరబడతారు. దాని ఒళ్లు చూడండి. తల పెద్దగా, పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంటుంది. ఈత రెక్కల అంచులు చిరిగి ఉంటాయి. మొప్ప కొద్దిగా తెరుచుకున్నప్పుడు లోపల తెల్లని మొప్ప పురుగులు అంటుకుని కనిపిస్తాయి. స్ప్రింగర్ అయితే భుజాలు బలిసి, వీపు ఉక్కు నీలంలో, పొలుసులు వేలికి ఊడివచ్చేంత వదులుగా ఉంటాయి. తోక దగ్గర సముద్రపు పేలు అంటుకుని ఉంటే ఆ చేప సముద్రం వదిలి కొద్దిరోజులే అయిందన్నమాట. ఇంత ఎగువన అది అరుదైన దృశ్యం.

రెండింటినీ వదిలేయాల్సిందే. 2015 నుంచి స్కాట్లండ్ అంతటా మార్చి 31 దాకా పట్టిన ప్రతి సాల్మన్‌నూ తిరిగి నీటిలో వదలాలని చట్టం ఉంది. ఈ చట్టాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. 2023 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తన రెడ్ లిస్టులో అట్లాంటిక్ సాల్మన్‌ను ప్రమాదం అంచున ఉన్న జాతిగా మార్చింది. గ్రేట్ బ్రిటన్ సాల్మన్‌ను ఏకంగా అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చింది. 1922లో ఒక పడుచు ఇదే టే నదిలో 64 పౌండ్ల సాల్మన్ పట్టింది. ఆమె పేరు జార్జీనా బాలంటైన్. గాలంతో పట్టిన సాల్మన్లలో బ్రిటన్ రికార్డు నేటికీ అదే. అంతటి నదిలో ఈరోజు ఒక్కో స్ప్రింగర్‌కూ లెక్క ఉంది.

వదలడానికీ పద్ధతి ఉంది. ముళ్లు లేని కొక్కేలు వాడండి. చేపను పడవలోకి ఎత్తకండి, వలతో నీటిలోనే ఉంచి కొక్కెం తీయండి. గడ్డకట్టే చలిలో ఇది మరీ ముఖ్యం, తడి మొప్పలకు మంచుగాలి తగిలితే అవి దెబ్బతింటాయి. ఫొటో కావాలంటే చేప నీటిలో ఉండగానే తీయండి. తర్వాత తలను అల వైపు తిప్పి, తోక దగ్గర వదులుగా పట్టుకుని ఉండండి. తోక విదిలించి తానే వెళ్లేదాకా తొందరపెట్టకండి.

చివరగా అనుమతుల సంగతి. ఇంగ్లండ్‌లో లాగా ఇక్కడ ప్రభుత్వ గాలం లైసెన్సు అక్కర్లేదు. కానీ సాల్మన్ వేట హక్కులు ఆస్తి హక్కులు. యజమాని అనుమతి లేకుండా గాలం వేస్తే నేరం. పడవ, గిల్లీ, అనుమతి కలిపి కెన్‌మోర్, కిల్లిన్‌లలో దొరుకుతాయి. తొలిరోజు సందడి చూడాలనుకుంటే జనవరి 15కు వెళ్లండి. చేప పట్టాలనుకుంటే తేదీ ముందే ఖాయం చేసుకోకండి. నదిలో వెచ్చని నీరు పారి రెండు మూడు వారాలు గడిచాక గిల్లీకి ఫోను చేసి, క్యాంప్సీ లిన్ దాటి చేపలు వస్తున్నాయా అని అడగండి. అవునంటే, ఆ వారమే బయల్దేరండి.