పిల్లాడి ఖర్చు కాగితం మీద పెట్టండి

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడి, పాతపట్నం పక్కపక్క ఊళ్లు. ఒకటి ఒడిశా, ఒకటి ఆంధ్ర. సంబంధాలు అటూ ఇటూ కలుపుకుంటూనే ఉంటాం. కాపురం చెడినప్పుడే రాష్ట్రాలు వేరని గుర్తొస్తుంది.

విడాకులయ్యాక బిడ్డకు తండ్రి నెలకెంత ఇవ్వాలి? చట్టంలో ఇంత శాతమని లేదు. 'జీతంలో పావు వంతు' అని టీకొట్ల దగ్గర చెప్పుకుంటారు. అది 2017లో సుప్రీంకోర్టు ఒక భార్య కేసులో అన్న మాట. పిల్లలకు కట్టిన రేటు కాదు.

ఒక అమ్మాయి ఉందనుకుందాం. పుట్టిల్లు పర్లాకిమిడి, అత్తారిల్లు పాతపట్నం. విడాకులయ్యాక మూడో తరగతి కొడుకుతో పుట్టింటికి వచ్చేసింది, జాకెట్లు కుడుతోంది. మాజీ భర్తకి విశాఖలో ఉద్యోగం. "నాకొచ్చేదే పన్నెండు వేలు" అంటాడు. సరే, కాగితం చూపించమంటుంది కోర్టు. 2020 నవంబరులో సుప్రీంకోర్టులో రజనేష్ అనే మనోవర్తి కేసు తీర్పు వచ్చాక ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు రాసి అఫిడవిట్ ఇవ్వాల్సిందే. పన్నెండు వేల జీతగాడు కారుకి నెలకు తొమ్మిది వేల వాయిదా ఎలా కడుతున్నాడు? బ్యాంకు స్టేట్‌మెంటే ఆ ప్రశ్న వేస్తుంది.

ఆమె కూడా కాగితం పెట్టాలి. స్కూలు ఫీజు, ఆటో, పుస్తకాలు, ట్యూషను, మందులు, బట్టలు, తిండి. పాల ఖర్చు కూడా రాయమంటే మనవాళ్లు సిగ్గుపడతారు. ఎందుకమ్మా సిగ్గు? తాగేది వాడేగా! అమ్మానాన్నలు కలిసున్నప్పుడు బిడ్డ ఎలా పెరిగాడన్నదీ కోర్టు చూస్తుంది. చదువు ఖర్చు మామూలుగా తండ్రిదే. తల్లికి చాలినంత సంపాదన ఉంటే ఇద్దరి తాహతునుబట్టి పంచుతారు. నాలుగు జాకెట్లు కుడుతోంది కదా, నేనివ్వనంటే చెల్లదు.

ఇంతలో పెద్దమనుషులు, "కేసు వేయాలంటే వాళ్ల ఊరే పోవాలి" అంటారు. అక్కర్లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125 కింద, తానున్న చోటే అర్జీ పెట్టుకోవచ్చు. వచ్చిన ఉత్తర్వును అతనున్న ఊళ్లో మేజిస్ట్రేటు ద్వారా అమలు చేయించుకోవచ్చు.

ఇప్పుడు చెప్పేది మాత్రం గట్టిగా వినండి. మనోవర్తి, అంటే నెలనెలా ఇచ్చే పోషణ ఖర్చు, లెక్క అర్జీ పెట్టిన తేదీ నుంచి. తీర్పు వచ్చిన రోజు నుంచి కాదు, విడిపోయిన రోజు నుంచీ కాదు, అర్జీ పెట్టిన తేదీ నుంచి. 'పండగ వెళ్లాక చూద్దాం' అన్నారా, ఆ నెలల డబ్బు ఈ లెక్కలోకి రాదు. ఉత్తర్వు వచ్చాక అతను ఎగ్గొడితే, ఆ బాకీ కోసం ఏడాదిలోపే మళ్లీ కోర్టుకు చెప్పుకోవాలి.

లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. ఆదాయం ఎంతైనా సరే, ఆడవాళ్లకూ పిల్లలకూ న్యాయసేవల సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోను నంబరు 15100. వెళ్లేటప్పుడు పిల్లాడి జనన ధ్రువపత్రం, ఫీజు రసీదులు పట్టుకెళ్లండి. రసీదులు పోతే స్కూల్లో అడిగి ఫీజు వివరాలు రాయించుకోండి.